దొనకొండ డ్రమ్ములు

పోయిన నెల మా ఊరి గుడి డ్రమ్ములు అమ్మేశారు. అమ్మిన తర్వాత నాకు ఫోన్ చేశారు. చేసింది సంఘం సెక్రటరీ, ఒకప్పుడు నా దగ్గర ఐదో తరగతి చదువుకున్నవాడు. కొన్నది బెంగళూరు కుర్రాడట. పాత వాయిద్యాలు వెతుక్కుంటూ ఊళ్ళు తిరుగుతుంటాడట. మా డ్రమ్ములు చూసి, ఇవి ఇంగ్లండులో తయారైనవని, డెబ్బై ఏళ్ళకు పైబడినవని, ఇలాంటివాటిని ఇప్పుడు వింటేజ్ అంటారని చెప్పి, అడిగినంతా ఇచ్చి, వ్యానులో పరుపులు పరిచి మరీ పట్టుకుపోయాడట. ఆ డబ్బుతో గుడికి కొత్త రేకులు వేశారు, ఒక ఎలక్ట్రానిక్ ప్యాడ్ కొన్నారు. తప్పేమీ లేదు. చాలా ఏళ్ళుగా అవి వెనక గదిలో గోనెపట్టాల కింద పడి ఉన్నాయి, వాయించేవాళ్ళు లేరు. అయితే ఆ కుర్రాడు పోతూ పోతూ ఒక మాట అడిగాడట. పెద్ద డ్రమ్ము చెక్క విచ్చుకున్నచోట తోలు పట్టీ వేసి కుట్టారే, ఆ పని ఎవరిది, అంత శుభ్రమైన కుట్టు తానెక్కడా చూడలేదు అని. ఎవరికీ తెలియక నాకు చేశారు. మా నాయన పని అని చెప్పాను. మర్నాడు ఆ కుర్రాడే ఫోన్ చేసి, వీలుంటే ఆ డ్రమ్ముల సంగతి ఒక పేజీలో రాసి పంపండి మేడం అన్నాడు.

ఆ ఒక్క పేజీ కోసం కూర్చుని పదకొండు రోజులైంది. కూర్చున్నానని రాశాను కానీ కూర్చోవడం కుదరడం లేదు. లేచి వంటింట్లోకి పోతాను, ఎందుకు వచ్చానో తోచక గేటు దాకా పోతాను, అక్కణ్ణించి మళ్ళీ కాగితం దగ్గరికి వస్తాను. బీపీ మాత్ర వేసుకున్నారా అత్తమ్మా అని కోడలు రెండుసార్లు అడిగింది. వేసుకున్నాను. ఇది మాత్రకు లొంగేది కాదు. అమ్ముడుపోయిన వస్తువు గురించి బాధ కాదిది. దాన్ని కొన్న రోజులు నా ఒంట్లో ఇంకా కదులుతున్నాయి, వాటిని ఎక్కడ దించాలో తెలియడం లేదు. ఒక పేజీలో పట్టవని తెలిశాక, ఎన్ని పేజీలైతే అన్ని అని మొదలుపెట్టాను.

మాది రాచర్ల దగ్గర పల్లె. ఊరికి ఎడంగా మా మాదిగపల్లె, దానికి ఇంకాస్త ఎడంగా రేకుల గుడి, ఏసుప్రభువు గుడి. మా నాయన పేరు చిన్నయ్య. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని ఆయనకు. గనుల నుంచి వచ్చిన రాతిని ఉలి పెట్టి పొరలు పొరలుగా చీల్చాలి. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం రైలెక్కి గిద్దలూరులో దిగి, దొరికితే బండిలో, లేకపోతే నడిచి ఇంటికి వచ్చేవాడు. వాకిట్లోకి రాకముందే ఆయన వాసన వచ్చేది. కొత్త పలక మీద తడిగుడ్డ వేసి తుడిస్తే వచ్చే వాసన అది. అమ్మ వేన్నీళ్ళు కాచి ఉంచేది. ఆయన పోసుకుంటుంటే నీళ్ళు బూడిదరంగులో పారి, గోడ వారన బంతిచెట్ల మొదట్లో గట్టిపడేవి. తర్వాత కొర్రన్నం, చింతచిగురు పప్పు. అన్నానికి కొర్రలు కొలిచిన ప్రతిసారీ అమ్మ ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న ముంతలో పోసేది. అది గుడి ముంత. మా పల్లెలో ప్రతి ఇంట్లో అలాంటి ముంత ఉండేది. ఎంత కరువు రోజైనా ఆ పిడికెడు తీసేవాళ్ళు, నెలాఖరుకు గుడికి చేర్చేవాళ్ళు. అమ్మ పిడికిలి మూసే తీరు నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. బొటనవేలు పైన బిగించి, ఒక్క గింజ జారనిచ్చేది కాదు.

నాకు అప్పటికి పంతొమ్మిదేళ్ళు. గిద్దలూరులో ఇంటర్ అయిపోయింది, టీచర్ ట్రైనింగ్ సీటు రాలేదు. మళ్ళీ ఏడాది దాకా ఏం చేయాలో తెలియదు. పగలు మిరపకాయలు కోయడానికి పోయేదాన్ని, సాయంత్రం ఇంట్లో ఉండలేకపోయేదాన్ని. నా చేతులు ఊరికే ఉండేవి కావు. చేట దొరికితే చేట, బిందె దొరికితే బిందె, ఏదీ లేకపోతే మోకాళ్ళు. అమ్మ విసుక్కునేది. నేను కంచం మీద దరువు వేయడం మొదలుపెడితే, నాయన తింటున్నవాడు తింటున్నట్టే లేచి చెయ్యి కడుక్కుని బయటికి పోయేవాడు. నన్ను కొట్టినా బాగుండేది. ఆ లేచి పోవడం ఎందుకో నాకు చిన్నప్పుడు తెలియదు. అమ్మ చెప్పిందాన్ని బట్టి తర్వాత తెలిసింది. మా తాత డప్పు వాయించేవాడు. పెద్దిళ్ళలో చావైనా పెళ్ళైనా కబురు రాగానే పోవాలి, రాలేననే మాట లేదు. మా నాయన పన్నెండేళ్ళప్పటినుంచి ఆయన వెంట పోయి, మంట దగ్గర డప్పు కాచి ఇచ్చేవాడు, తర్వాత తానూ వాయించాడు. తాత పోయిన ఏడాదే నాయన గుడిలో చేరాడు. డప్పు చట్రం విరిచి పొయ్యిలో పెట్టి, మా ఇంట్లో ఇక ఏదీ మోగదు అన్నాడట. పలకల పనికి పోయింది కూడా అందుకేనని అమ్మ అనుమానం. మార్కాపురంలో ఉన్నవాణ్ణి వాయించడానికి రమ్మని ఎవరూ పిలవలేరు.

అలాంటి ఇంటికి జీవరత్నం మామ ఈ డ్రమ్ముల కబురు మోసుకొచ్చాడు. మామ అమ్మకు తమ్ముడు, రైల్వేలో గ్యాంగుమన్, గుడిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. దొనకొండ రైల్వే కాలనీలో ఒక దొరసానమ్మ ఉందని, ఆమె భర్త గార్డుగా చేసి చనిపోయాడని, ఆయన క్లబ్బులో వాయించిన డ్రమ్ములు అమ్ముతోందని చెప్పాడు. మా సంఘం దగ్గర ముంతల కొర్రలు అమ్మినవి, పంట పండుగకు కోళ్ళు, గుమ్మడికాయలు వేలం వేసినవి కలిపి ఆరు నూర్లు ఉన్నాయి. ఆమె వెయ్యి అడుగుతోంది. అసలు కష్టం అది కాదు. అవి మంచివో కావో చెప్పగలిగినవాడు మా పల్లెలో ఒక్కడే ఉన్నాడు, ఆయన చెప్పడు. మామ బతిమాలాడు. ఇది గుడిలో పెట్టేదే బావా, ఎవరి గుమ్మం ముందరా వాయించేది కాదు అని. నాయన ఆ వారం జవాబివ్వకుండానే మార్కాపురం పోయాడు. పై శనివారం వచ్చి, నీళ్ళు పోసుకుని, తల తుడుచుకుంటూ చెప్పాడు.

"వచ్చి చూస్తాలే. గుడి గడప మాత్రం దాటగూడదు. ఎవురు పిలిచినా, ఎంత ఇస్తామన్నా."

మామ ఒట్టు వేశాడు. ఎవరూ అడగకుండానే నేనూ వేశాను. నన్ను కూడా తీసుకుపోవాలని మూడు రోజులు అమ్మ ప్రాణం తీసి, నేనూ బయల్దేరాను.

అది మీటరు గేజి రైలు. గిద్దలూరు నుంచి కంభం, తర్లుపాడు, మార్కాపురం దాటి దొనకొండ చేరేసరికి బొగ్గు నలుసులు కళ్ళలో పడి ఏడ్చినట్టుండేది. ఇప్పుడదే దారిలో పెద్ద రైళ్ళు కరెంటు మీద పోతున్నాయి, కిటికీ దగ్గర కూర్చున్నా చీర నలగదు. ఆ రోజు నేను కిటికీ దగ్గర కూర్చున్నదెంతసేపు, తలుపు దగ్గరికి పోయి నిలబడి, మళ్ళీ వచ్చి, మళ్ళీ పోయి. నాయన ఒకసారి మాత్రం నా వైపు చూసి తల తిప్పుకున్నాడు.

కాలనీలో సగం ఇళ్ళు ఖాళీ. దొరసానమ్మ ఇల్లు పెంకుల వసారాతో, వేపచెట్ల నీడలో ఉంది. ఆమె గౌనులో, తెల్ల జుట్టుతో, మాలాగే తెలుగు మాట్లాడుతూ ఎదురొచ్చింది. నాయన చెప్పులు మెట్ల కింద విడిచాడు. వేసుకునే రమ్మని ఆమె రెండుసార్లు చెప్పినా వేసుకోలేదు. డ్రమ్ములు వసారాలో దుప్పటి కప్పి ఉన్నాయి. పెద్దది ఒకటి, నేల మీద కాళ్ళతో నిలబడేది ఒకటి, చిన్నవి రెండు, ఇత్తడి పళ్ళేలు రెండు, కాలితో తొక్కే మీట. దుప్పటి తీయగానే నేను చెయ్యి చాచాను. నాయన కళ్ళతోనే ఆపాడు.

ఆయన పెద్ద డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముందు తోలు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా రాశాడు. తర్వాత చెక్క చుట్టూ వేలి కణుపుతో తడుతూ, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఫ్యాక్టరీలో రాయిని అలాగే తట్టి, లోపల చీలిక ఉందో లేదో వినేవాడని నాకు తెలుసు. కానీ అప్పుడాయన ముఖం రాయి దగ్గర ఉన్నవాడి ముఖంలా లేదు. ఒకచోట ఆగాడు. రెండుసార్లు తట్టి, ఆ చోటు మీద వేలుంచి ఆమెతో అన్నాడు.

"దూడ తోలు, మంచిది. చెక్క ఈడ నోరు తెరిచిందమ్మా. అందుకే జిర్రుమంటది."

దొరసానమ్మ ఒంగి ఆ చోటే తానూ తట్టి చూసింది. ఆ జిర్రు కోసం మా ఆయన చచ్చేదాకా తోలు బిగిస్తూనే ఉన్నాడు, చెక్కలో ఉందని ఆయనకు తట్టలేదు అంది. మామ అదను చూసి బేరం మొదలుపెట్టాడు, పాడైన వస్తువు గదా అని. నాయన ఆయన్ను మాట్లాడనివ్వలేదు. మా దగ్గర ఉండేది ఆరు నూర్లేనమ్మా అని నిజం చెప్పేశాడు. చాలకపోతే పోతామన్నాడు. ఆ తర్వాత అన్న మాట నేను మరచిపోలేను.

"మాకు ఇచ్చినా ఇయ్యకపోయినా, దీన్ని ఇట్ల వదిలిపెట్టి పోలేను. తోలు ముక్క ఉంటే ఇయ్యమ్మా, కుట్టి పోతా."

ఆమె లోపలికి పోయి భర్త గార్డు సంచీ తెచ్చింది. దాని పట్టీ కోసుకోమంది. మామ స్టేషను బయట చెప్పులు కుట్టేవాడి దగ్గరికి పోయి, తోలుకు రంధ్రాలు పొడిచే ఆరె అడిగి తెచ్చాడు. నాయన పట్టీని నీళ్ళలో నానబెట్టి, విచ్చుకున్న చెక్కను తాడుతో బిగించి, సన్నగా రంధ్రాలు చేసుకుంటూ మధ్యాహ్నం దాకా కుట్టాడు. ఆమె మాకు టీ ఇచ్చింది, బిస్కెట్లు పెట్టింది. నేను వసారా అంచున కూర్చుని లేచి, కూర్చుని లేచి, వేపపళ్ళు ఏరి మళ్ళీ పారబోశాను. ఆయన మాత్రం ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. అయ్యాక దొరసానమ్మనే కొట్టి చూడమన్నాడు. ఆమె ఒంగి చేత్తో మీట నొక్కింది. ఒక్క దెబ్బ. నేల లోపలినుంచి వచ్చినట్టు, గుండ్రంగా, ఎక్కడా బీట లేకుండా మోగింది. ఆమె కళ్ళు తుడుచుకుని, ఆరు నూర్లు లెక్కపెట్టకుండానే తీసుకుంది. భర్త కూర్చుని వాయించిన గుండ్రటి పీట మాత్రం ఇవ్వనంది. అది నా దగ్గరుండనీ అంది. నాయన అదే న్యాయమన్నాడు. తిరుగు రైల్లో గిద్దలూరు దాకా పెద్ద డ్రమ్మును నేల మీద పెట్టనివ్వకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

గుడిలో వాటిని వాయించడానికి మగపిల్లలు పోటీపడ్డారు. చేతులు ఒకటి చేస్తుంటే కాలు ఇంకొకటి చేయాలి, అక్కడ అందరూ ఓడిపోయారు. శనివారాలు గుడి ఊడ్చే వంతు నాది. తలుపు మూసుకుని, మార్కాపురం నుంచి నాయన తెచ్చిన పలకల పెట్టెను పీటగా వేసుకుని, పరికిణీ మోకాళ్ళ దగ్గర దోపుకుని కూర్చున్నాను. నా ఒంట్లో అన్నాళ్ళు నాలుగు వైపులకు పరిగెత్తుతున్నదేదో, నాలుగు పనులు దొరికేసరికి ఒక దారిన పడింది. మూడు నెలలకు మామ పాట ఎత్తుకుంటే నేను వాయించే దాకా వచ్చింది. ఆడపిల్ల కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చోవడమేందని ఇద్దరు పెద్దలు పాస్టరు అయ్యగారి దగ్గర గొడవపెట్టారు. ముంతలో పిడికెడు వేసింది ఆడోళ్ళే గదా అని అమ్మ ఒక్క మాట అంది, గొడవ అంతటితో ఆగిపోయింది. ఆదివారాలు నాయన వెనక వరసలో గోడకానుకుని కూర్చునేవాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. లేచి మాత్రం పోలేదు.

నాకు అది చాలలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ నిజం. వారానికి ఒక్క రోజు, అవే పాటలు, అదే నలభైమంది. ట్రైనింగ్ సీటు రెండోసారీ రాలేదు. ఆ ఏడు ఎన్నికల్లో గెలిచిన నాయకుడికి గిద్దలూరులో ఊరేగింపు పెట్టారు. ఆడపిల్ల డ్రమ్ములు వాయిస్తుందట, తీసుకురండి అని మామకు కబురొచ్చింది. మామ నా ముఖం చూశాడు. వద్దనమని ఆయన చూశాడో, సరేననమని చూశాడో నాకు తెలియదు. నాయన మార్కాపురంలో ఉన్నాడు, బుధవారం. నేను సరేనన్నాను.

ట్రాక్టరు ట్రక్కులో డ్రమ్ములు కట్టి, స్టేషను రోడ్డు నుంచి బజారు మీదుగా కదిలాం. అంతమంది నన్ను చూడటం అదే మొదలు. మిద్దెల మీద జనం, దుకాణాల అరుగుల మీద జనం. నా చేతులు నావి కానట్టు ఆడాయి. బజారు మధ్యలో జీపు ఆగింది. నాయకుడు జీపులో నిలబడి నవ్వుతూ, జేబులోంచి నోట్లు తీసి మా మీదికి విసిరాడు. డప్పులవాళ్ళ మీదికి విసిరినట్టే. నోట్లు పళ్ళేలకు తగిలి, నా కాళ్ళ దగ్గర పడ్డాయి. మామ వంగి ఏరుకుంటున్నాడు. నేనూ పుల్లలు పక్కన పెట్టి వంగాను. ఆలోచించి చేసింది కాదు. కింద పడిన డబ్బు, చెయ్యి పోయింది.

"వంగబాక, సువార్తా."

గట్టిగా అన్నది కాదు. ట్రక్కు పక్కనే నాయన నిలబడి ఉన్నాడు. గెలుపు సందడిలో ఫ్యాక్టరీ మూసేస్తే మధ్యాహ్నం బండికే వచ్చాడని తర్వాత తెలిసింది. భుజాన సంచీ, ఒంటి నిండా పలక దుమ్ము. ముఖంలో కోపం లేదు, దానికోసం వెతికాను, లేదు. ఎప్పుడో చిన్నప్పుడు చూసిన దాన్నే మళ్ళీ చూస్తున్నవాడిలా ఉన్నాడు. నేను నిటారుగా నిలబడ్డాను. చేతిలో ఉన్న ఒక్క నోటు ట్రక్కులోనే పడేసి దిగిపోయాను. జనం అరిచారు, వాయించమని. మామ ఏం చెప్పి సర్దుకున్నాడో తెలియదు. డ్రమ్ములు భద్రంగా గుడికి చేర్చాడు, ఆ నోట్లలో ఒక్కటీ ఇంటికి తేలేదు.

ఇప్పటి పెళ్ళిళ్ళకు పోతుంటాను. ఒంగోలులో, మార్కాపురంలో, అమ్మాయిలు బ్యాండులో డ్రమ్ములు వాయిస్తున్నారు. యూనిఫాం వేసుకుని, ముందే రేటు మాట్లాడుకుని, ఫోన్లో డబ్బు వేయించుకుని, అయ్యాక కూర్చుని భోంచేసి పోతారు. వాళ్ళను చూస్తే నాకు కడుపు నిండుతుంది. మా నాయన చూసి ఉంటే ఏమనేవాడో. తనకు కావలసింది మోగకపోవడం కాదని ఆయనకైనా ఆ రోజు దాకా తెలుసో లేదో. నేను మాత్రం ఆ తర్వాత నాలుగేళ్ళు, ఉద్యోగం వచ్చి కనిగిరి పోయేదాకా, గుడిలో తప్ప ఇంకెక్కడా వాయించలేదు. ఆయన వద్దన్నందుకు కాదు. మరోసారి అనలేదాయన.

ఆ సాయంత్రం మేమిద్దరం రాచర్ల దాకా బస్సులో వచ్చి, అక్కడ దిగి మట్టిదారిలో నడిచాం. కందిచేల మీద పొద్దు వాలుతోంది, గొర్రెల మంద ఒకటి మా ముందర పోతోంది. నాకు ఏడుపు రాలేదు, పరిగెత్తాలనిపించింది. తప్పు చేసినాను నాయనా అన్నాను. ఆయన సంచీ ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

"వాయించింది తప్పు గాదు. బాగ వాయించినావు" అన్నాడు. కొంచెం దూరం పోయాక, "మలుపు కాడ తొందరపడినావు. దరువు నీకంటే ముందర పోగూడదు" అన్నాడు.

నేను ఆగిపోయాను. ఆయన ఆగలేదు, మాట్లాడుతూనే నడిచాడు. చావు దరువు ఎక్కడ మొదలుపెట్టాలో, పెళ్ళి దరువులోకి ఎట్లా తిప్పాలో, చలిలో తోలు ఎందుకు బరువెక్కుతుందో, తాత ఎడమచేతి పుల్లను ఎంత వదులుగా పట్టుకునేవాడో చెప్పాడు. చెబుతూ చెబుతూ రెండు వేళ్ళతో తన సంచీ మీదే వేసి చూపించాడు. నా జన్మలో ఆయన అన్ని మాటలు మాట్లాడగా వినడం అదే. మా పల్లె కనబడుతోంది, గుడి రేకులు కనబడుతున్నాయి. రోజూ ఉరుక్కుంటూ పోయే ఆ దారిలో, పల్లె తొందరగా రాకూడదని, నేను నాయన వెనక ఒక్కో అడుగే వేసుకుంటూ నడిచాను.